అటక మీది 807

ప్రశ్న: మా పెదనాన్నగారు హామ్ రేడియో (అభిరుచి కోసం సొంతంగా నడిపే రేడియో) లైసెన్సుదారులు. ఆయన స్వయంగా కట్టుకున్న 807 రకం వాల్వుల (పాతకాలపు గాజు గొట్టాల) ఏ.ఎం. ట్రాన్స్‌మీటరు ఇప్పటికీ మా అటక మీద ఉంది. అరచేతిలో ఇమిడే సెట్లు దొరుకుతున్న ఈ రోజుల్లోనూ కొందరు ఇటువంటి బరువైన పెట్టెల కోసం వెతుకుతారట. వాటిలో అంత ఆకర్షణ ఏముంది? నేను దీనిని ఆన్ చేసి చూడవచ్చునా?
– ఒక పాఠకుడు, బొబ్బిలి

జవాబు: పొదుపు లెక్కన ఏ.ఎం.ను, అంటే ప్రసార తరంగం బలాన్ని మాటకు తగ్గట్టు పెంచుతూ తగ్గిస్తూ పంపే పద్ధతిని, సమర్థించలేము. నూరు శాతం మాడ్యులేషన్ (ఆ హెచ్చుతగ్గులు) ఇచ్చినా, పంపే శక్తిలో మూడింట రెండు వంతులు మాట మోయని వాహక తరంగానికే పోతుంది. అందుకే హామ్‌లలో అత్యధికులు, వాహక తరంగాన్ని వదిలి మాట ఉన్న ఒక పక్క భాగాన్నే పంపే సింగిల్ సైడ్‌బ్యాండ్‌కు మారారు. అయితే ఆ పద్ధతిలో రిసీవరు ట్యూనింగ్ కాస్త తప్పినా గొంతు బాతు అరుపులా వినిపిస్తుంది, ఏ.ఎం.లో మాత్రం మనిషి గొంతు మనిషి గొంతులాగే వస్తుంది.

నా మటుకు నాకు అసలు ఆకర్షణ చేతికి పని ఉండడంలోనే కనిపిస్తుంది. ప్లేటు (వాల్వులో కరెంటును అందుకునే రేకు) వైపు ఉన్న కండెన్సరును నెమ్మదిగా తిప్పుతూ ఉంటే, మిల్లీఆంపియర్ మీటరు ముల్లు ఒకచోట చటుక్కున కిందికి దిగుతుంది, అదే రెజొనెన్స్, అంటే సర్క్యూటు ప్రసార తరంగంతో శ్రుతి కలిసిన చోటు. తర్వాత లోడింగ్ (యాంటెన్నాకు అందే శక్తి) కొంత పెంచి, ముల్లును మళ్లీ దించాలి. ఆలస్యం చేస్తే వాల్వులోని ప్లేటు ఎర్రబడి మన పొరపాటును మనకే చూపుతుంది. ట్రాన్సిస్టరు అంత ఓర్చుకోదు, చెప్పకుండానే కాలిపోతుంది. బిరడా తిప్పి వీణను శ్రుతి చేసే ఊరివారికి ఇంతకన్నా వివరించనక్కరలేదు.

ఇక ఆన్ చేసే సంగతి. దయచేసి నేరుగా ప్లగ్గులో పెట్టవద్దు. 807 వాల్వు నెత్తిమీది లోహపు టోపీకి 600 వోల్టుల దాకా ఉండవచ్చు. స్విచ్ ఆపిన తర్వాత కూడా ఫిల్టర్ కండెన్సర్లలో ప్రాణాంతకమైన ఛార్జి నిలిచి ఉండవచ్చు. ఏళ్ల తరబడి కదలని ఎలక్ట్రోలైటిక్ కండెన్సర్లు చాలా వరకు పాడై ఉంటాయి, వాటిని మార్చక తప్పదు. పెదనాన్నగారి లైసెన్సు మీకు వారసత్వంగా రాదు. ప్రసారం చేయడానికే కాదు, ట్రాన్స్‌మీటరును దగ్గర ఉంచుకోవడానికి కూడా అనుమతి కావాలి. కాబట్టి లైసెన్సు ఉన్న హామ్ ఒకరిని పిలిపించి, ఆయన చేతనే పరీక్ష చేయించండి. యాంటెన్నాకు బదులు 60 వాట్ల ఫిలమెంట్ బల్బును తగిలించి చూడడం పాతకాలపు అలవాటు. అన్నీ సరిగ్గా కుదిరితే, ఆయన మైకులో "ఒకటి, రెండు" అన్నప్పుడల్లా ఆ బల్బు మరికాస్త వెలగడం మీరు పక్కన నిలబడి చూడవచ్చు.