పాటల ముచ్చట్లు: మీరు అడిగారు, మేం చెప్తున్నాం

ప్రశ్న: మా మామయ్యకి ఘంటసాల తర్వాత పాటే లేదు, మా అబ్బాయికేమో ఇప్పటి పాటలు తప్ప ఇంకోటి పడదు. కావలి నుంచి నెల్లూరు పోయేలోపు కార్లో ఇద్దరికీ గొడవే. మధ్యలో నన్ను తీర్పు చెప్పమంటారు. ఏం చెప్పమంటారు?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: అమ్మా, ముందు మీ మామయ్యగారికి ఈ సంగతి చెప్పండి. ఆయన ఆణిముత్యాలు అంటున్న పాటలు కొత్తగా వస్తున్న రోజుల్లోనే, 1952లో, అప్పటి కేంద్ర సమాచార ప్రసార మంత్రి బి.వి. కేస్కర్ సినిమా పాటలు జనం అభిరుచిని పాడుచేస్తున్నాయని ఆకాశవాణిలో వాటిని బాగా తగ్గించేశాడు, నిర్మాతలతో పేచీ వచ్చి దాదాపు ఆగిపోయినంత పనైంది. జనం ఊరుకున్నారా, రేడియో ముల్లు తిప్పి రేడియో సిలోన్ స్టేషన్ పెట్టుకున్నారు. చివరికి 1957 అక్టోబర్ 3న వివిధ భారతి పెట్టి గవర్నమెంటే మళ్ళీ సినిమా పాటల దారికొచ్చింది. మన 'దేవదాసు' 1953, 'మిస్సమ్మ' 1955, రెండూ ఆ మధ్యలో వచ్చినవే. అంటే ఆ పాటలు కూడా ఒకప్పుడు కుర్రకారు పాటలే, పెద్దలు మొహం చిట్లించిన పాటలే.

అట్టాగని మీ అబ్బాయి మాటే రైటని నేననను. ఇప్పటి పాటల్లో నాకు నిజంగా బాధ కలిగించేది ఒకటుంది, ట్యూన్ బాగుంటుంది, బీట్ బాగుంటుంది, కానీ పాడేవాళ్ళ మాట ఆ డ్రమ్ముల కింద పడి నలిగిపోతా ఉంది, నాలుగుసార్లు విన్నా చరణంలో ఏమన్నారో అర్థం కాదు. మాట వినపడకపోతే మనం దాన్ని వంటింట్లోనో బండి మీదో ఎట్టా పాడుకుంటాం చెప్పండి? వాడికి ఇష్టమైన పాటని ఫోన్ లేకుండా ఒక చరణం పాడమనండి. పాడగలిగితే ఆ పాటకి మీ మామయ్య కూడా మర్యాద ఇవ్వాల్సిందే. కార్లో ఒకటి ఆయనది ఒకటి వాడిది, వంతులు వేసుకోండి, ఇయర్‌ఫోన్లు మాత్రం వద్దు.

ప్రశ్న: బాలు గారు పుట్టింది ఇప్పటి తమిళనాడులో, చదివింది కాళహస్తిలో, పనంతా మద్రాసులో. మరి నెల్లూరోళ్ళు మావాడు మావాడు అనడం ఏంది అని మా ఆఫీసులో ఒకాయన రోజూ అంటాడు. నాకు కోపం వస్తుంది కానీ జవాబు రాదు.
– ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: కోపమెందుకన్నా, సంగతులు చెప్పు చాలు. 1946 జూన్ 4న కోనేటమ్మపేటలో పుట్టిన మాట నిజమే. కానీ నాన్న సాంబమూర్తి గారు హరికథలు చెప్పేవారు, వాళ్ళ ఇల్లు మన తిప్పరాజువారి వీధిలో. ఆ ఇంటినే 2020 ఫిబ్రవరిలో వేదపాఠశాల కోసం కంచి కామకోటి పీఠానికి ఇచ్చేశారు, అదే సంవత్సరం సెప్టెంబర్ 25న పోయారు. తర్వాత నెల్లూరు ప్రభుత్వ సంగీత నృత్య పాఠశాలకి ఆయన పేరే పెట్టారు.

నాకు వీటన్నిటికంటే ముఖ్యం అనిపించేది ఆ హరికథ సంగతి. హరికథ చెప్పే మనిషికి మాట స్పష్టంగా ఉండాలి, ఆఖరి వరసలో కూర్చున్న ముసలమ్మకి కూడా అందాలి, లేకపోతే కథే లేదు. ఆ ఇంట్లో పెరిగిన పిల్లాడు కాబట్టే 1966లో సంగీత దర్శకుడు కోదండపాణి గారి దగ్గర మొదటి సినిమా పాట పాడిన దగ్గర్నుంచి చివరిదాకా ఆయన నోట్లో ఒత్తు ఒత్తుగానే పలికిందని నా నమ్మకం. 1996లో మొదలైన 'పాడుతా తీయగా'లో కూడా చూడు, రాగం తప్పిన పిల్లల్ని ఎంత ఓపిగ్గా సరిచేశాడో ఉచ్చారణ తప్పినోళ్ళనీ అంతే ఓపిగ్గా సరిచేశాడు. నీ ఆఫీసాయనకి కూడా ఆయన్ని సొంతం చేసుకునే హక్కుంది, కాళహస్తి వాళ్ళకీ ఉంది, అందరూ మావాడే అననీ.

ప్రశ్న: వచ్చే నెల నా పెళ్ళి. ఫ్రెండ్స్ అంతా డీజే కావాలంటున్నారు, నాన్న మేళం తప్ప ఏదీ వద్దంటున్నాడు.
– పెళ్ళికొడుకు, ఒంగోలు

జవాబు: శుభం. ముహూర్తం దగ్గర మేళమే ఉండాలి, తాళి కట్టేటప్పుడు గట్టిమేళం బదులు స్పీకర్ మోగితే ఆ నిమిషం పాడైపోతుంది తమ్ముడూ. ఊరేగింపులో డీజే పెట్టుకో, కానీ రాత్రి పది దాటితే ఆపించెయ్, 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం పది నుంచి పొద్దున ఆరు దాకా లౌడ్‌స్పీకర్ కూడదు. రూల్ సంగతి పక్కన పెట్టినా ఆ బాక్సుల దెబ్బకి వీధిలో పసిపిల్లలూ గుండెజబ్బు ఉన్నవాళ్ళూ ఎంత అల్లాడిపోతారో నువ్వూ చూసే ఉంటావు.

ఇంకోటి. 'సీతారామ కల్యాణం' సినిమా 1961లో వచ్చింది, అందులో సుశీల గారు పాడిన 'సీతారాముల కల్యాణం చూతము రారండి' పాట లేకుండా మన పెళ్ళి వీడియోలు ఈరోజుకీ ఉండవు. మీ ఇంట్లో అత్తో పిన్నో ఆ పాట పాడగలిగిన వాళ్ళు ఒకరు కచ్చితంగా ఉంటారు, తలంబ్రాలప్పుడు మైక్ వాళ్ళ చేతికి ఇప్పించు. శ్రుతి అటూ ఇటూ అయినా పర్లేదు.

ప్రశ్న: నాట్లప్పుడు మా అమ్మా వాళ్ళు పాడుకునేవాళ్ళు. ఇప్పుడు గట్టు మీద ఫోన్ పెట్టి సినిమా పాటలు వింటున్నారు. ఆ పాటలు ఇంక పోయినట్టేనా?
– రైతు బిడ్డ, కోవూరు

జవాబు: అమ్మ ఉన్నారు కదా, ఇంకా పోలేదు. ఎండలో వంగి నాటేవాళ్ళు ఫోన్‌లో పాట పెట్టుకుంటే తప్పుపట్టకండి, వాళ్ళకి నడుము నొప్పి మర్చిపోవడానికి ఏదో ఒకటి కావాలి. మీరు చెయ్యాల్సింది, ఈ వారమే అదే ఫోన్‌లో అమ్మ చేత పాడించి రికార్డు చెయ్యడం. పాడమంటే సిగ్గుపడతారు, ఏదన్నా పని చేసుకుంటా ఉన్నప్పుడు అడగండి, పక్కింటి ఆమెని కూడా పిలవండి, ఎందుకంటే అవి ఒకరు అంటే మిగతావాళ్ళు అందుకునే పాటలు, ఒంటరిగా పాడితే సగం గుర్తు రావు. మాటలు విడిగా కాగితం మీద రాసుకోండి, ఏ ఊళ్ళో ఎవరి దగ్గర నేర్చుకుందో కూడా అడిగి రాయండి. రాసినవి మాకు పంపితే ఈ పేజీలోనే వేస్తాం.