షుగరుతో రెటీనా దెబ్బతింటుంటే పసుపు, ఆకుకూరలు ఎంతవరకు ఆదుకుంటాయి?

కావలి నుంచి అడిగిన ప్రశ్న ఇది: "అమ్మకు 58 ఏళ్లు, పదేళ్లుగా షుగరు. కంటి పరీక్షలో రెటీనా తొలిదశలో దెబ్బతిందన్నారు. పసుపు క్యాప్సూళ్లు, మానుపసుపు కషాయం, పొన్నగంటికూర వాడితే నయమవుతుందని చుట్టాలు చెప్తున్నారు. మాత్రలు తగ్గించొచ్చా?"

మాత్రలు ఒక్కటి కూడా తగ్గించొద్దు. కూరలో పసుపు, వారానికి నాలుగైదు రోజులు ఆకుకూర నిక్షేపంగా పెట్టండి. క్యాప్సూళ్లు, కషాయాల సంగతి వేరు, అది కాస్త వివరంగా చెప్పాలి.

రెటీనా అంటే కంటి లోపల వెనకవైపు వెలుతురును పట్టే తెర. చక్కెర ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే అందులోని సన్నటి రక్తనాళాల గోడలు బలహీనపడతాయి. అక్కడక్కడా ఉబ్బి బుడిపెలు కడతాయి, నీరు, కొవ్వు బయటికి కారతాయి. రక్తం అందని చోట వీఈజీఎఫ్ అనే ప్రోటీన్ పెరిగి పెళుసైన కొత్త నాళాలు మొలుస్తాయి. అవి చిట్లితే చూపుకే మోసం. పసుపులోని కర్‌క్యుమిన్, ఉల్లిపాయలోని క్వెర్సెటిన్, ద్రాక్షతొక్కలోని రెస్వెరాట్రాల్, మానుపసుపు అనే వేరే మొక్కలోని బెర్బెరిన్ ఈ దెబ్బను తగ్గించినట్టు ఎలుకల్లోనూ, ల్యాబులో పెంచిన కణాల్లోనూ కనిపించింది. కానీ కంటి డాక్టరు చీటీ మీద మందుగా రాసే స్థాయి రుజువు మనుషుల్లో వీటికి ఇంకా రాలేదు.

పసుపు మీద మంచి పని మన హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థలోనే జరిగింది. షుగరు తెప్పించిన ఎలుకలకు మేతలో 0.002 శాతం, 0.01 శాతం కర్‌క్యుమిన్ కలిపి పెడితే శుక్లం ఆలస్యమైందని 2005లో రాశారు. అట్టాంటి ఎలుకల రెటీనాలో వీఈజీఎఫ్ తగ్గిందని 2007లో రాశారు. శుక్లం కంటి లెన్సు జబ్బు, రెటీనా జబ్బు కాదు. చాలామంది రెండిటినీ "కంట్లో పొర" అని కలిపేస్తారు, అక్కడే లెక్క తప్పుతుంది. అదే సంస్థ 2003లో గెలాక్టోజ్ అనే చక్కెర పెట్టిన ఎలుకల మీద చేసిన పనిలో 0.002 శాతం మేలు చేసింది, 0.01 శాతం పెడితే శుక్లం ఇంకా త్వరగా ముదిరింది. ఎక్కువ వేస్తే ఎక్కువ మేలు అనే లెక్క ఇక్కడ పనిచేయదు.

మనిషి రోజుకు తినే తిండి పొడి లెక్కన అరకిలో అనుకుంటే 0.01 శాతం అంటే 50 మిల్లీగ్రాములు. పసుపులో కర్‌క్యుమిన్ సుమారు 3 శాతం కాబట్టి చిన్న చెంచాలో సగం పైచిలుకు పసుపుతో అది వచ్చేస్తుంది. ఎలుక లెక్క మనిషికి నేరుగా అతకదు గానీ, వంటింటి మోతాదు చిన్నదేం కాదని చెప్పడానికి చాలు. పసుపును నీళ్లలో కలిపి తాగితే ఒంటికి పట్టేది చాలా తక్కువ. నూనెలో వేగాలి, పక్కన మిరియం ఉండాలి. 2 గ్రాముల కర్‌క్యుమిన్‌కు 20 మిల్లీగ్రాముల పైపరిన్, అంటే మిరియాల ఘాటునిచ్చే పదార్థం, తోడిస్తే రక్తంలోకి చేరేది 20 రెట్లు పెరిగిందని బెంగళూరులో 1998లో తేలింది. పసుపు కొమ్ములు కొని కడిగి, బాగా ఎండబెట్టి మరలో పట్టించుకోండి. మరీ నిగనిగలాడే కొమ్ములు వద్దు, మెరుపు కోసం సీసం ఉన్న రంగు పూసే మోసం ఉంది.

కంటికి ఆకుకూరల్లో పనికొచ్చేది లూటిన్, జియాజాంథిన్. రెటీనా నడుమ మాక్యులా అనే చూపు కేంద్రంలో పసుపుపచ్చగా పేరుకునేవి ఇవే. పచ్చి పాలకూర 100 గ్రాముల్లో రెండూ కలిపి 12 మిల్లీగ్రాముల దాకా ఉంటాయి. మందుల షాపులో అమ్మే కంటి బిళ్లల మోతాదు, 10 మిల్లీగ్రాముల లూటిన్, 2 జియాజాంథిన్, 2013లో వెలువడ్డ అమెరికా పరీక్షది. ఆ పరీక్ష ముసలితనంలో వచ్చే మాక్యులా జబ్బు మీద చేసింది, షుగరు రెటీనా మీద కాదు. పాలకూర, మునగాకు, అవిసాకు, పొన్నగంటి ఏది దొరికితే అది వండండి. కందిపప్పు మెత్తగా ఉడికాక తరిగిన ఆకు వేసి అయిదు నిమిషాలకు దించి, మనిషికో చెంచా నూనెతో తాలింపు పెట్టండి. నూనె లేకపోతే లూటిన్ ఒంటికి సరిగ్గా పట్టదు. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పెరిగి ఉంటే ఆకుకూరల పొటాషియం గురించి, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ వాడుతుంటే విటమిన్ కె గురించి ముందు డాక్టర్ని అడగండి.

ఇదంతా చేసి కంచం నిండా అన్నం పెట్టి, దాని మీద ఒక గరిటె ఆకుకూర వేస్తే ఏం లాభం? నెల్లూరు ఇళ్లలో ఎక్కువగా జరిగేది ఇదే. అన్నం రెండు గరిటెలు, కూర, పప్పు అంతకంటే ఎక్కువ ఉండాలి. రాత్రికి సజ్జరొట్టె గానీ జొన్నరొట్టె గానీ పెట్టినా సరే, దానికీ కొలత ఉండాలి.

గట్టి రుజువు ఉన్నవి రెండు: షుగరు అదుపు, బీపీ అదుపు. 1998లో వెలువడ్డ బ్రిటన్ పరీక్షలో బీపీ సగటు 154/87 ఉన్నవాళ్లకంటే 144/82కు దించినవాళ్లలో రెటీనా జబ్బు ముదరడం 34 శాతం తగ్గింది. అమ్మ బీపీ ఎంతో ఈ వారమే చూపించండి. మూడు నెలల సగటు షుగరు, అదే హెచ్‌బీఏ1సీ, 10, 11 ఉంటే ఒక్కసారిగా దించితే కొందరికి రెటీనా కొన్నాళ్లు ఎక్కువ దెబ్బతింటుంది. దించడం మానొద్దు, కంటి డాక్టరుకు చెప్పి మధ్యలో చూపించుకుంటూ దించండి.

మానుపసుపు కషాయం నాకు భయం పుట్టించేది. బెర్బెరిన్ నిజంగానే షుగరు తగ్గిస్తుంది. షుగరుకు ఇచ్చే గ్లిమెపిరైడ్ మాత్రతో కలిస్తే షుగరు మరీ పడిపోయి తెల్లవారుజామున చెమటలు, వణుకు, తల తిరగడం రావచ్చు. కొన్ని మందులు కాలేయంలో విరగకుండా ఆపుతుంది కూడా. నేరేడు గింజల పొడి విషయంలోనూ షుగరు పడిపోయే జాగ్రత్త అవసరం. పేరూ చిరునామా లేని పొట్లాల్లో అల్లోపతి షుగరు మాత్రలే నూరి కలిపిన సందర్భాలు పట్టుబడ్డాయి. మిరియాల సారం కలిపిన కర్‌క్యుమిన్ క్యాప్సూళ్లతో కాలేయం వాచినవాళ్లూ ఉన్నారు. మూత్రం ముదురు పసుపు రంగులోకి మారినా, ఒళ్లు దురద పెట్టినా, వాంతులైనా వెంటనే ఆపి లివరు పరీక్ష చేయించాలి.

నందివర్ధనం పూల రసం, తేనె, ఏ ఆకు పసరైనా కంట్లో వేయొద్దు. రెటీనా దాకా అది పోనే పోదు, పైనున్న నల్లగుడ్డు మీద బూజు పుండు పడితే కన్నే పోతుంది.

ఇంట్లో చేసుకోదగిన పరీక్ష ఒకటి ఉంది. గోడ క్యాలెండరు గడులను వెలుతురులో, దగ్గరి చూపు అద్దాలు పెట్టుకుని, ఒక కన్ను అరచేత్తో మూసి చూడమనండి. తర్వాత రెండో కన్ను. గీతలు వంకరగా కనిపించినా, నడుమ అంకె చెరిగినట్టున్నా ఆ వారంలోనే డాక్టరు దగ్గరికి వెళ్లండి. నల్లటి చుక్కలు జల్లుమన్నట్టు వచ్చినా, సాలెగూడు అడ్డం పడినట్టున్నా ఆ రోజే. ఏమీ కనిపించకపోయినా డాక్టరు ఇచ్చిన తేదీకి కంటిపాప పెద్దది చేసే చుక్కలు వేయించి చూపించాల్సిందే. ఆ పూట బండి నడపనీయకండి, నాలుగైదు గంటలు చూపు మసకగా ఉంటుంది.