బేరం ముందా, రిపేరు ముందా?

ప్రశ్న: మా తాతగారి 1956 షెవర్లే బెల్ ఎయిర్ విశాఖ మహారాణిపేటలో మా షెడ్డులో ఇరవై ఏళ్లుగా కదల్లేదు. ఇంజిన్ పట్టేసింది. బాగుచేయించి అమ్మాలా?

జవాబు: వద్దు బాబూ, ఉన్నదున్నట్టే అమ్మండి. పెయింట్ అసలే వద్దు. ఒకసారి నేనూ మెరుగులు దిద్ది నష్టపోయాను. కొనడానికొచ్చినాయన అయస్కాంతం తెచ్చి తలుపు కింద పెట్టాడు, అంటుకోలేదు. లోపలంతా పుట్టీ! సముద్రపు గాలికి తుప్పు తప్పదని కొనేవాళ్లకీ తెలుసు.

సెల్ఫ్ కొట్టకండి. ప్లగ్గులు విప్పి, ఒక్కో సిలిండర్‌లో రెండు చెంచాల ఆయిల్ పోసి, నాలుగు రోజులాగి ఇంజిన్‌ను చేత్తో తిప్పి చూడండి. కదిలితే ధర పెరుగుతుంది. లేదంటే ఆ మాటే చెప్పండి. ఆర్సీలోని ఇంజిన్, ఛాసిస్ నంబర్లు బండితో సరిచూసుకోండి. 2021 నిబంధనల్లో 50 ఏళ్లు దాటి, పెద్ద మార్పులు చేయని కార్లకు వింటేజ్ హోదా ఉంది. అందుకే ఆ పాత ఇంజిన్ తీసి డీజిల్‌ది మాత్రం పెట్టించకండి.