చిన్నీ, అజంతాకు పోయేముందు

చిరంజీవి చిన్నికి, అత్త ఆశీస్సులు.

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి, "చూడండి వదినా, ఉద్యోగం మానేసి మూడు నెలలు బొమ్మలు వేసుకుంటూ ఊళ్లు తిరుగుతుందంట" అని ఏడుపు గొంతుతో చెప్పింది. ఆమెకు ధైర్యం చెప్పి ఫోన్ పెట్టేశాను కానీ రాత్రంతా నాకే నిద్ర లేదు. సగం టెన్షన్, సగం గర్వం. మన ఇంటి ఆడపిల్ల బొమ్మల కోసం రైలెక్కుతోందని పక్కింటావిడకు పొద్దున్నే చెప్పేశాను కూడా. ఆరు నెలలని చెప్పాను. ఎదురైతే సర్దుకో.

టికెట్లు, గదులు, డబ్బులు నాకంటే నీకే బాగా తెలుసు. అజంతాకు సోమవారం సెలవు, ఎల్లోరాకు మంగళవారం. కొచ్చిలో గాలి తేమకు కాగితం తొందరగా ఆరదు, తడి బొమ్మ మీద ఇంకో బొమ్మ పెట్టకు. రాత్రిపూట ఆటో ఎక్కితే నంబరు మీ నాయనకు పంపు. నాకూ పంపు.

ఇక నేను చెప్పాలనుకున్నది వేరే ఉంది. మీ నాయనకు కూడా పూర్తిగా తెలియదు.

1979 వేసవిలో నేను అజంతాకు పోయాను. మా బడిలో పనిచేసే ఒక టీచరు, వాళ్లాయన పోతుంటే వాళ్ల వెంట పడ్డాను. జల్గావ్‌లో రైలు దిగి, అక్కడి నుంచి బస్సులో అరవై కిలోమీటర్ల దాకా ఎండలో ప్రయాణం. తొమ్మిది రోజులు ఫర్దాపూర్‌లో ఉండి రోజూ పొద్దున్నే గుహల దగ్గరికి పోయేదాన్ని. మొదటి గుహ గోడ మీది పద్మపాణి అనే బోధిసత్వుడి బొమ్మ ముందు కూర్చుంటే కాళ్లు తిమ్మిరెక్కేదాకా లేవబుద్ధయ్యేది కాదు. ఆ వాలిన కళ్లు, తామరపువ్వు పట్టుకున్న ఆ వేళ్లు, ఒక పక్కకు వంగిన ఆ నడుము. నా పుస్తకం నిండా అవే.

తిరిగొచ్చాక ఏది వేసినా అజంతానే. మా వీధిలో పాలు పోసే ఆమెకు వాలుకళ్లు. బడిలో ప్యూనుకు పద్మపాణి నడుము! చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు, ఒక ఎగ్జిబిషన్‌లో బహుమతి కూడా ఇచ్చారు. అదే నా కొంప ముంచింది.

ఆ ఏడాదే మీ అవ్వ బొమ్మ వెయ్యాలనిపించింది. అప్పుడు మేము గోవిందరాజస్వామి గుడి దగ్గర అద్దెకుండేవాళ్లం. అవ్వ ఇంట్లో కూర్చుని అంగడికి పూలు కట్టిచ్చేది. మల్లె, కనకాంబరం, మరువం. అరటినార లాగి లాగి ఆమె చూపుడువేలు మీద గాడి పడి ఉండేది. గోళ్లలో మరువం పసరు ఎంత రుద్దినా పోదు. కట్టెల పొయ్యి పొగకు ఒక కన్ను ఎప్పుడూ చికిలించే చూసేది. నాలుగు సాయంత్రాలు పని మానుకుని నా కోసం కూర్చుంది. చేతులు మాత్రం కొంగు కింద దాచుకుంది. నేనూ చూపించమనలేదు. అజంతా చేతులు నాకు వచ్చు కదా!

బొమ్మ పూర్తయ్యాక చూసి, "ఎవురే ఈమె? బాగుండాది" అంది.

నేను నవ్వేశాను. మరుసటి ఏడు శ్రావణంలో అవ్వ పోయింది. ఆ బొమ్మ ఇప్పటికీ బీరువా వెనక ఉంది. అందులో ఉన్నది నిజంగానే ఎవరో. ఆ గాడి పడిన వేలు ఎలా ఉండేదో నీకు చూపిద్దామంటే నా దగ్గర ఒక్క గీత కూడా లేదు, చిన్నీ.

చిత్రకారిణి అమృతా షేర్‌గిల్ కూడా అజంతా చూసింది. పారిస్‌లో చదువుకుని 1934 చివర్లో ఇక్కడికొచ్చిన పిల్ల. అజంతా, కొచ్చిలో మట్టాంచేరి గోడల మీది బొమ్మలు, కన్యాకుమారి అన్నీ తిరిగి, 1937లో వేసినవేమిటి? సంతకు పోయే పల్లెజనం, బ్రహ్మచారులు, పెళ్లికూతురి అలంకరణ. అజంతాలోని మట్టి ఎరుపులు తీసుకుంది, ఆకారాన్ని నిండుగా నిలబెట్టడం నేర్చుకుంది. బోధిసత్వుణ్ణి అక్కడే వదిలేసి వచ్చింది. నేను ఆయన్ని తిరుపతి దాకా మోసుకొచ్చాను.

శాంతినికేతన్‌కు పోతే చిత్రకారుడు నందలాల్ బోస్ పేరు వినని రోజు ఉండదు నీకు. ఆయనా 1909లో అజంతాకు పోయి గోడలకు నకళ్లు తీసినవాడే. 1938 హరిపుర కాంగ్రెస్ మహాసభకు వేసిన బొమ్మల్లో చూడు, డోలు వాయించేవాళ్లు, దూది ఏకేవాళ్లు, మామూలు జనం. మధ్యలో దాదాపు ముప్ఫై ఏళ్లు. నేను రెండో వారానికే అంతా చేతికి వచ్చేసిందనుకున్నాను. అలాగని మూడు నెలలు ఏం సరిపోతాయని మూతి ముడవకు. యూరప్ చిత్రకారుడు పాల్ క్లే 1914లో ట్యునీషియాలో ఉన్నది రెండు వారాలు కూడా కాదు, రంగు తనను పట్టేసుకుందని అక్కడే డైరీలో రాసుకున్నాడు.

ఇంకో మాట, తిట్టాననుకున్నా సరే. అంత దూరం పోయే దానివి, గంట ప్రయాణంలో ఉన్న కాళహస్తికి ఎన్నిసార్లు పోయావు? కలంకారీ బొమ్మలకు తుప్పు ఇనుము, బెల్లం ఊరబెట్టి నలుపు తీస్తారు అక్కడ. కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డ మీద వెదురు కలం ఎలా నడుస్తుందో చూశావా? బరోడా ఆర్ట్ కాలేజీ నుంచి వచ్చిన పిల్లలెవరైనా అడిగితే ఏం చెప్తావు?

సరే, ఆదివారం ఇంటికి రా. రైలు తిరుపతిలో ఎక్కుతావా, రేణిగుంటలోనా చెప్తే పులిహోర కట్టి తెస్తాను. ఈలోగా ఒక్క పని చెయ్యి. మీ అమ్మ చేతులు బొమ్మ వెయ్యి. కూరగాయలు తరుగుతున్నప్పుడు పక్కన కూర్చుని వేసుకో. బొమ్మ కోసం కూర్చోమన్నావంటే చేతులు కొంగు కింద పెట్టేసుకుంటుంది.

నీ అత్త