కొలువు – కబుర్లు: షాపులో చేసిన పని దాచకండి

ప్రశ్న: నేను ఎలక్ట్రికల్ డిప్లొమా చదివి, రెండేళ్లుగా కర్నూలు వన్‌టౌన్‌లో మా మేనమామ గారి మోటారు రీవైండింగ్ షాపులో పనిచేస్తున్నాను. ఓర్వకల్లు వైపు ఒక సోలార్ ప్లాంటులో టెక్నీషియన్ ఇంటర్వ్యూకు పిలుపు వచ్చింది. ఇంతకుముందు ఒకచోట ‘మీ గురించి చెప్పండి’, ‘మీ బలహీనత ఏమిటి’ అని అడిగితే తడబడ్డాను. డిప్లొమా తర్వాత ఏం చేశావంటే ఖాళీగా ఉన్నానని చెప్పాను. ఈసారి ఎలా సిద్ధం కావాలి?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: ‘ఖాళీగా ఉన్నాను’ అన్న మాట చదివి బాధ కలిగింది. కాలిపోయిన బోరు మోటారు విప్పి, చుట్లు లెక్కపెట్టి కొత్త కాయిల్ వేసి, వార్నిష్ పట్టించి, మెగ్గరు అనే పరీక్ష మీటరుతో ఇన్సులేషన్ చూసి రైతు చేతికి అప్పగించే మనిషి ఖాళీగా ఉన్నట్టు ఎలా అవుతుంది? సొంతవాళ్ల షాపు కాబట్టి అనుభవం కిందికి రాదేమోనన్న సంకోచం వదిలిపెట్టి, బయోడేటాలో ఆ రెండేళ్లనూ, చేసిన పనులనూ స్పష్టంగా రాయండి.

‘మీ గురించి చెప్పండి’ అన్నప్పుడు వారికి కావలసింది మీ కుటుంబ వివరాలు కావు. ఇప్పుడు ఏం చేస్తున్నారు, ఏం చదివారు, ఈ ఉద్యోగం ఎందుకు కోరుతున్నారు అన్న మూడు విషయాలను ఆ వరుసలోనే ఒకటి రెండు నిమిషాల్లో చెబితే చాలు.

అసలు శ్రద్ధ పెట్టవలసింది ‘మీరు పరిష్కరించిన ఒక సమస్య చెప్పండి’ అన్న ప్రశ్న మీద. ఒకే రైతు మోటారు ఒకే సీజనులో రెండోసారి కాలిపోయి వచ్చిన సందర్భం మీ షాపులో ఉండే ఉంటుంది. విప్పి చూస్తే రెండు ఫేజుల కాయిళ్లు నల్లబడి, మూడోది చెక్కుచెదరకుండా ఉంటే, మూడు కాయిళ్ల చివరలను ఒకచోట కలిపే స్టార్ కనెక్షనులో అది ఒక ఫేజు సరఫరా పోయిందనడానికి గుర్తు. నడుస్తున్న మోటారుకు ఒక ఫేజు పోతే మిగిలిన రెండింటిలో కరెంటు పెరిగి వేడెక్కుతుంది. ఆ సంగతి గమనించి మీరు స్టార్టరులో ఏం చూశారు, ఒక ఫేజు పోగానే మోటారును ఆపేసే సింగిల్ ఫేజింగ్ ప్రివెంటరు పెట్టమని ఎందుకు చెప్పారు, ఆ తర్వాత మోటారు ఎలా నడిచింది అన్నది వరుసగా చెప్పండి. నిజంగా మీ చేతుల మీదుగా జరిగినదే ఎంచుకోండి. ఎందుకంటే వెంటనే ‘ఓవర్‌లోడ్ రిలే ఎందుకు ట్రిప్ కాలేదు’ (కరెంటు ఎక్కువైతే మోటారును ఆపే రిలే ఎందుకు ఆపలేదు) వంటి ప్రశ్న వస్తుంది, అల్లిన కథ అక్కడే తెగిపోతుంది.

సోలార్ గురించి ప్రాథమిక విషయాలు చూసుకోండి. ప్యానెల్ నుంచి వచ్చేది డీసీ, దాన్ని ఏసీగా మార్చేది ఇన్వర్టర్, ఆపైన ట్రాన్స్‌ఫార్మర్ ఓల్టేజీ పెంచి గ్రిడ్‌కు పంపుతుంది. గని, శకునాల గ్రామాల పరిధిలోని 1000 మెగావాట్ల సోలార్ పార్కు మీకు దగ్గరలోనే ఉంది కాబట్టి, దాని గురించి అడిగితే తెల్లమొహం వేయకూడదు.

బలహీనత అడిగితే ‘అతిగా కష్టపడతాను’ అనకండి, ఎవరూ నమ్మరు. ఇంగ్లీషులో రిపోర్టు రాయడం నెమ్మది అయితే ఆ మాటే చెప్పి, రోజూ ఒక పేజీ రాస్తున్నానని చెప్పండి. ఆ రాయడం ఈరోజే మొదలుపెట్టండి. ఇంగ్లీషులో మాట అందకపోతే తెలుగులో చెప్పవచ్చా అని అడగడం తప్పు కాదు.

జీతం విషయంలో అదే పనికి మీ సీనియర్లు ఎంత అందుకుంటున్నారో ముందే కనుక్కొని వెళ్లండి. చివర్లో మీరేమైనా అడుగుతారా అంటే షిఫ్టుల గురించి, మొదటి నెలల్లో ఇచ్చే శిక్షణ గురించి అడగండి.