ఇంజిన్ విప్పే ముందు చూడవలసినవి

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

నీవు కొన్న 1986 నాటి పోర్షే 944 సైలెన్సర్ నుంచి నీలిపొగ వస్తోందనీ, కూలెంట్ ట్యాంకులో గోధుమరంగు జిడ్డు తేలుతోందనీ, మెకానిక్ హెడ్ గాస్కెట్ (ఇంజిన్ బ్లాకుకూ పైనున్న హెడ్‌కూ మధ్య ఉండే సీలు) పోయిందంటున్నాడనీ రాశావు. హెడ్ విప్పడానికి అప్పుడే ఒప్పుకోకు. ఈ కారులో ఆ రెండూ వేర్వేరు కారణాల వల్ల రావచ్చు.

ముందు జిడ్డు సంగతి. టర్బో లేని 944లో ఆయిల్ కూలర్ బ్లాకు పక్కన, కూలెంటు మధ్యనే అమరి ఉంటుంది. దాని రబ్బరు సీల్స్ ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడి చీలుతాయి. ఇంజిన్ తిరుగుతున్నప్పుడు ఆయిల్ ఒత్తిడి కూలెంట్ ఒత్తిడికంటే చాలా ఎక్కువ కాబట్టి, ఆయిలే కూలెంటులోకి పోతుంది. అందువల్ల ట్యాంకులో జిడ్డు ఉండి, డిప్‌స్టిక్ మీద ఆయిల్ శుభ్రంగా ఉంటే ముందుగా అనుమానించవలసింది ఈ సీల్స్‌నే. హెడ్ గాస్కెట్ సంగతి తేల్చడానికి ట్యాంకు మూతి దగ్గర పొగవాయువుల పరీక్ష చేయించు. నీలిరంగు ద్రవం పసుపుగా మారితే మండిన వాయువు కూలెంటులో కలుస్తున్నట్టే. చల్లని ఇంజిన్ స్టార్ట్ చేసిన కొద్ది క్షణాలకే రేడియేటర్ గొట్టం బిగుసుకుపోయినా అనుమానం గాస్కెట్ మీదికే పోతుంది.

ఇక పొగ. మీ మిషిగన్ చలిలో ఉదయం కాసేపు కనిపించి మాయమయ్యే తెల్లని ఆవిరిని పట్టించుకోకు. వేడెక్కాక కూడా తియ్యని వాసనతో దట్టంగా వస్తేనే కూలెంట్ మండుతున్నట్టు. నీలిపొగ అంటే ఆయిల్ మండుతున్నట్టు, అది ఎప్పుడు వస్తుందన్నదే అసలు ప్రశ్న. రాత్రంతా నిలిపి ఉంచి స్టార్ట్ చేసినప్పుడు ఒక్కసారి ఉబికి ఆగిపోయినా, గేరులోనే వాలు దిగి మళ్ళీ యాక్సిలరేటర్ నొక్కినప్పుడు వచ్చినా వాల్వ్ సీల్స్ లేదా గైడ్లు (వాల్వు కాడ జారే గొట్టాలు) అరిగి ఉంటాయి. బరువు లాగుతున్నంతసేపూ వస్తే అనుమానం పిస్టన్ రింగుల మీద. అప్పుడు ఇంజిన్ వేడిగా ఉండగా ప్లగ్గులన్నీ తీసి, ఇంధనం, ఇగ్నిషన్ ఆపి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి కంప్రెషన్ (సిలిండర్లో పిస్టన్ నొక్కే గాలి ఒత్తిడి) కొలిపించు. తక్కువ వచ్చిన సిలిండర్లో చెంచాడు ఆయిల్ పోసి మళ్ళీ కొలిస్తే, అంకె పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులో గాస్కెటో. రింగులే అని తేలితే తొందరపడి సిలిండర్లను మామూలు పద్ధతిలో హోనింగ్ (రాతితో గోడలు సాన పట్టడం) చేయనివ్వకు. ఈ బ్లాకులో ఇనుప లైనర్లు లేవు, సిలికాన్ కలిసిన అల్యూమినియమే పిస్టన్ జారే గోడ, దానికి వేరే పద్ధతి ఉంది.

కూలర్ సీల్స్ మార్చాక కూలెంట్ దారి మొత్తాన్ని జిడ్డు పోయేదాకా కడిగించు. ఆయిల్ పీల్చి ఉబ్బిన గొట్టాలు మార్చించు. కొత్త కూలెంట్ నింపేటప్పుడు కారు ముందుభాగం ఎత్తి, హీటర్ పూర్తిగా తెరిచి, పైనున్న గాలి స్క్రూ నుంచి బుడగలు లేని ధార వచ్చేదాకా ఆగాలి. వేడిగా ఉన్నప్పుడు మూత ముట్టుకోకు.

ఒకటి మాత్రం వాయిదా వేయకు. ఈ ఇంజిన్లో వాటర్ పంపును తిప్పేది టైమింగ్ బెల్టే (వాల్వులను పిస్టన్ల కదలికతో జత కలిపి ఉంచే బెల్టు). పంపు దగ్గర తడి కనిపిస్తే కారు నడపడం ఆపి, పంపు, బెల్టు కలిపి మార్పించు. బెల్టు తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి.

నాలుగు సిలిండర్ల కంప్రెషన్ అంకెలు అందగానే నాకు రాయి.

మీ మామయ్య