మేసన్ల లాడ్జి, కంటి క్యాంపు, ఆరు వారాల చుక్కలు

“మా టౌన్లో ఫ్రీమేసన్ల లాడ్జి ఉంది. గేటుకి ఎప్పుడు చూసినా తాళమే. లోపల ఏం చేస్తారు? ఊరికి పనికొచ్చే పనేదైనా చేస్తారా?” అని ఒకరు అడిగారు. ఫ్రీమేసన్లంటే శతాబ్దాల నాటి ఒక సోదర సంఘం సభ్యులు, వాళ్ళు కూడే శాఖే లాడ్జి. ఇందులో మొదటి సగానికి జవాబు చిన్నది, రెండో సగానికి పెద్దది. జనం మాత్రం మొదటి సగం గురించే గంటల తరబడి మాట్లాడతారు.

ముందు తాళం సంగతి. లాడ్జి రోజూ తెరిచి పేకాడుకునే క్లబ్బు కాదు. చాలాచోట్ల నెలకోసారి, సాయంత్రం పూట కూడతారు. సెక్రటరీ ముందుగా సమన్లు, అంటే సమావేశం పిలుపు కాగితం, పంపుతాడు. గత సమావేశం మినిట్స్, ట్రెజరర్ లెక్కలు, కొత్తగా చేరేవాళ్ళ మీద బ్యాలెట్, ఎవరికైనా డిగ్రీ (సభ్యత్వంలో పై మెట్టు) ఇచ్చేదుంటే అది, దానధర్మాల పద్దు, అన్నీ అందులో వరసగా ఉంటాయి. లాడ్జి సంపూర్ణంగా తెరవాలంటే ఏడుగురు ఉండాలి, చార్టరు (లాడ్జి నడపడానికి ఇచ్చిన అనుమతి పత్రం) ఆ గదిలోనే ఉండాలి. కుర్చీలో మాస్టరు, ఆయన కింద ఇద్దరు వార్డెన్లు, కబుర్లు చేరవేసే డీకన్లు, తలుపు లోపల ఒక కాపలా, బయట కత్తి పట్టుకుని టైలర్ అనే ఇంకో కాపలాదారు. నేల నలుపు తెలుపు గళ్ళు. బల్ల మీద పవిత్ర గ్రంథాలు. మన దేశంలో భగవద్గీత, ఖురాన్, బైబిల్ లాంటివి పక్కపక్కనే ఉంచుతారు. చేరేవాడు తన మతగ్రంథం మీద ప్రమాణం చేస్తాడు. బ్యాలెట్ పెట్టెలో తెల్ల గోళీలూ నల్ల గోళీలూ వేస్తారు. బైలాలను బట్టి ఒకటి రెండు నల్లవి పడితే చాలు, ఆ మనిషిని చేర్చుకోరు.

లాడ్జిలో రాజకీయాలూ మతవాదాలూ మాట్లాడకూడదు. ఇది గట్టి నియమం. మన గోదావరి జిల్లాల్లో నలుగురు అరుగెక్కితే అయిదో నిమిషానికి మాట పార్టీల మీదకో కులం మీదకో పోతుంది. రెండు గంటలపాటు ఆ ఊసు లేకుండా ఒక డాక్టరూ ఒక రైసుమిల్లు ఆసామీ ఒక రిటైరైన హెడ్మాస్టరూ పక్కపక్కన కూర్చోవడం చిన్న విషయం కాదని నా గట్టి అభిప్రాయం.

“దయ్యాల బంగళా, పుర్రెలు పెట్టి పూజలు” అనే కబుర్లు మానేయండి. లండన్లో మొదటి గ్రాండ్ లాడ్జి (లాడ్జిలకి పై సంస్థ) 1717లో ఏర్పడింది, 1730 నాటికే కలకత్తాలో లాడ్జి ఉంది. వివేకానందుడు సన్యాసి కాకముందు, 1884లో, కలకత్తాలోనే ఒక లాడ్జిలో చేరాడు. హైదరాబాదు గోషామహల్ బారాదరిలో మేసన్లు శతాబ్దం పైగా కూడుతున్నారు, దాని ఫోటోలు ఎవరైనా చూడొచ్చు. భారతదేశానికి సొంత గ్రాండ్ లాడ్జి 1961 నవంబరు 24న ఏర్పడింది. దాని కింద నాలుగు ప్రాంతీయ గ్రాండ్ లాడ్జిలు, మనది చెన్నై కేంద్రంగా ఉన్న దక్షిణ ప్రాంతం. ఇందులో దాచాల్సిందేమీ లేదు. గుట్టుగా ఉంచేది సభ్యులు ఒకర్నొకరు గుర్తుపట్టే సంకేతాలు మాత్రమే.

ఇక రెండో సగం. మన డెల్టాలో లాడ్జి పెట్టే ఖర్చులో ఎక్కువ ఫలితమిచ్చేది కంటి క్యాంపు. నోట్ పుస్తకాలూ దుప్పట్లూ ఎవరైనా పంచుతారు. కంటి క్యాంపు సరిగ్గా చేస్తే ఒక ముసలాయన మళ్ళీ గట్టు మీద తనంతట తాను నడుస్తాడు. సరిగ్గా చెయ్యకపోతే ఉన్న చూపూ పోతుంది. అందుకే ఇది ఫ్లెక్సీ కట్టి ఫోటో దిగి ముగించే పని కాదు.

ఆపరేషన్ ఊళ్ళో చెయ్యరు, చెయ్యకూడదు. బడి గదిలోనో కల్యాణమండపంలోనో శుక్లం తీసే రోజులు పోయాయి. ఆ పద్ధతిలో చీము పట్టి చాలామంది కళ్ళు పోయాయి. ఊళ్ళో జరిగేది పరీక్ష మాత్రమే, ఆపరేషన్ కంటి ఆస్పత్రిలో. డాక్టరూ లెన్సూ థియేటరూ ఆస్పత్రివి. ఊరు ఎంచుకోవడం, హాలు, ప్రచారం, బస్సు, భోజనం, తర్వాత నెలన్నర చూసుకోవడం లాడ్జి పని.

తేదీ దగ్గరే సగం క్యాంపులు చెడతాయి. సార్వా (వానాకాలం వరి) నాట్ల రోజుల్లో పెడితే ముసలివాళ్ళని తీసుకొచ్చేవాళ్ళుండరు. ఆగస్టు, సెప్టెంబరుల్లో వరదొస్తే లంకల వాళ్ళు దాటలేరు. కోతలూ నూర్పుళ్ళప్పుడు దుమ్ము. సంక్రాంతి వెళ్ళాక ఫిబ్రవరి మన ప్రాంతానికి బాగా సరిపోతుంది. ఎండాకాలంలో కంటి ఆపరేషన్ కూడదన్న నమ్మకం మనవాళ్ళలో బలంగా ఉంది. దానికి ఆధారం లేదు, థియేటర్లో ఎండ ఉండదు. అయినా ఏప్రిల్లో పెడితే పేర్లు రాయించుకున్నవాళ్ళు కూడా బస్సెక్కరు. “శుక్లం ఇంకా ముదరాలి” అనే మాట దానికంటే చెడ్డది. బాగా ముదిరితే గట్టిపడి తియ్యడం కష్టమవుతుంది, వాచి కంట్లో ఒత్తిడీ పెరుగుతుంది.

హాలు వెతికేటప్పుడు టేపు పట్టుకెళ్ళండి. చూపు పరీక్ష బోర్డుకీ కూర్చున్న మనిషికీ మధ్య 6 మీటర్లు ఉండాలి. వరండా అయితే బోర్డు మీద వెలుతురు పడాలి గానీ మనిషి కళ్ళల్లో పడకూడదు. చదువు రాని వాళ్ళకి నాలుగు దిక్కులా తిప్పిన ‘ఈ’ బోర్డు. డాక్టరుకి ఒక చీకటి మూల. చాప కట్టినా సరే, కర్టెన్ వేసినా సరే. బల్లలు ఈ వరసలో: పేరు రాసేది, చూపు చూసేది, బీపీ, వేలి చుక్కతో షుగరు, డాక్టరు, చివర్లో సర్దిచెప్పే మనిషి. ఆ ఆఖరి బల్ల దగ్గర కుర్రాణ్ణి కూర్చోబెట్టకండి. ఆ ఊరి ఆశా కార్యకర్త గానీ ఆపరేషన్ అయి చూపు వచ్చిన పెద్దమ్మ గానీ ఉంటే పదిమంది వాలంటీర్ల పెట్టు.

పాప విప్పారే చుక్కలు వేశాక 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది, తర్వాత కొన్ని గంటలు దగ్గర చూపు మసక. బండి నడుపుకుంటూ వచ్చినవాళ్ళని ముందే అడగాలి. ప్రతివాళ్ళనీ వాడే మందుల పట్టీలన్నీ కవర్లో వేసుకు రమ్మని మైకులో చెప్పించండి. రక్తం పల్చబడే బిళ్ళల సంగతి అందరికీ తెలుసు. మూత్రం ఇబ్బందికి మగవాళ్ళు వాడే ప్రోస్టేట్ బిళ్ళల సంగతి ఎవరూ చెప్పరు. వాటివల్ల ఆపరేషన్లో కంటిపాప వదులుగా జారుతుంది, సర్జనుకి ముందే తెలిస్తే జాగ్రత్త పడతాడు.

పరీక్షలో తేలేవన్నీ శుక్లాలు కావు. కంట్లో పువ్వు (నల్లగుడ్డు మీద తెల్ల మచ్చ) ఉన్నవాళ్ళకీ నీటికాసులు (గ్లాకోమా) ముదిరినవాళ్ళకీ శుక్లం తీసినా చూపు రాదు, ఆ మాట అక్కడే మెల్లగా చెప్పాలి. వరి ఆకు గీసుకునో ధాన్యం నలుసు పడో వచ్చే పుండు మన చేల దగ్గర మామూలు. అది చాలాసార్లు బూజు తెగులు. దానికి ఆకు పసరు పిండినా, మందుల షాపులో అడిగి స్టెరాయిడ్ చుక్కలు వేసినా కన్ను కరిగిపోతుంది. అలాంటి మనిషి కనిపిస్తే క్యాంపు అయ్యేదాకా ఆపకండి, అప్పుడే ఆటో ఎక్కించి కార్నియా (నల్లగుడ్డు మీది పారదర్శక పొర) డాక్టరు దగ్గరికి పంపండి.

ఇక అసలు విషయం. గోదావరి అవతల ఒక లంక గ్రామం నుంచి పంటు మీద దాటి వచ్చిన ఒక మామ్మగారి సంగతి చెబితే క్యాంపు అంటే ఏమిటో తెలుస్తుంది. ఆపరేషన్ బ్రహ్మాండంగా జరిగింది. మర్నాడు పొద్దున్న పచ్చగుడ్డ తియ్యగానే ఆవిడ నర్సు కట్టుకున్న చీర రంగు చెప్పింది. నల్ల కళ్ళద్దాలు పెట్టి, చుక్కలిచ్చి, బస్సులో రేవు దాకా దింపారు. ఫారంలో రాసిన ఫోన్ నంబరు హైదరాబాదులో ఉన్న మనవడిది. వారం తర్వాత ఫోన్ చేస్తే అతను “బాగానే ఉందండి” అన్నాడు. అతను ఆవిణ్ణి చూడనే లేదు. ఆవిడేమో కన్ను బాగా కనిపిస్తోంది కదా, ఇంకా మందెందుకని రెండో వారానికే చుక్కలు మానేసింది. కొబ్బరి మట్టల పొయ్యి దగ్గర కూర్చుని వంట మొదలుపెట్టింది. మూడో వారానికి కన్ను ఎర్రబడి, వెలుతురు చూడలేక, కొంగు కప్పుకు కూర్చుంది. ఇరుగూ పొరుగూ ఆపరేషన్ చెడిందన్నారు. ఆ వీధి నుంచి పేరు రాయించుకున్న మిగతావాళ్ళు వెనక్కి తగ్గారు.

ఇద్దరు బ్రదర్స్ (లాడ్జి సభ్యులు) జాబితా పట్టుకుని రేవు దాటి వెళ్ళబట్టి తెలిసింది. అదే పంటు మీద తీసుకొచ్చి ఆస్పత్రిలో చూపించారు. ఆపరేషన్ తర్వాత ఇచ్చే స్టెరాయిడ్ చుక్కలు ఉన్నట్టుండి ఆపేస్తే కంటి లోపలి వాపు తిరగబెడుతుంది, జరిగింది అదే. మందు మళ్ళీ మొదలుపెట్టి మెల్లగా తగ్గించారు, చూపు నిలిచింది. ఇంకో పది రోజులు ఎవరూ వెళ్ళకపోతే ఏమయ్యేదో చెప్పక్కర్లేదు.

కాబట్టి ఫారంలో ఫోన్ నంబరు రోగి ఇంట్లో ఉండేవాళ్ళది ఒకటి, పక్కింటివాళ్ళది ఒకటి రాయించండి. దూరాన ఉన్న కొడుకు నంబరు పనికిరాదు. ఇళ్ళకి వెళ్ళి చూసేది మర్నాటి పరీక్ష కాక కనీసం రెండుసార్లు: వారం తర్వాత ఒకసారి, నెల తర్వాత ఒకసారి. చుక్కలు మామూలుగా మొదటి వారం రోజుకి ఆరుసార్లు, తర్వాత వారానికొకటి తగ్గిస్తూ ఆరు వారాలు. చీటీ మీద అంకెలు వేస్తే పెద్దవాళ్ళకి అర్థం కాదు. ఆరు వారాలకి ఆరు వరసల సున్నాలు గీసి గోడకి అంటించండి, వేసినప్పుడల్లా బొగ్గుతో కొట్టేసుకుంటారు. రెండు రకాల చుక్కలుంటే మధ్య అయిదు నిమిషాలు ఆగాలి, లేకపోతే రెండోది మొదటిదాన్ని కడిగేస్తుంది. సీసా మూతి కంటికి తగలకూడదు. చెరువు స్నానం, తలమీద నీళ్ళు, పొయ్యి పొగ, బరువులు డాక్టరు చెప్పేదాకా వద్దు. మొదటి వారంలో కన్ను పోటు పెట్టినా, చూపు తగ్గినా ఆదివారమైనా అర్ధరాత్రయినా బయల్దేరాలి. చీము పడితే గంటల్లో కన్ను పోతుంది. చివరి పరీక్షలో కళ్ళద్దాల నంబరు రాస్తారు. ఆ కళ్ళద్దాలు కూడా క్యాంపు ఖర్చులో ముందే వేసుకోండి. చాలామంది అద్దాలు కొనుక్కోలేక అక్కడే ఆగిపోతారు.

డబ్బు సంగతీ చెప్పాలి. చందాలూ విందు ఖర్చులూ లాడ్జి ఖాతాలో, క్యాంపు డబ్బు వేరే ట్రస్టు ఖాతాలో ఉండాలి. దాతలకి విరాళం మీద ఆదాయపన్ను మినహాయింపు కావాలంటే ట్రస్టుకి ఆ రిజిస్ట్రేషన్ ఉండాలి, 2,000 రూపాయలు దాటిన నగదుకి మినహాయింపు రాదు. ఏటా దాతల వివరాల ఫారం గడువులోగా ఆదాయపన్ను శాఖకి వెయ్యాలి. ఇది చూసుకునే సెక్రటరీ లేని లాడ్జికి పెద్ద దాత రెండోసారి రాడు. అన్నట్టు, ప్రారంభోత్సవానికి ముఖ్య అతిథిని పిలిచి పరగడుపున వచ్చిన షుగరు రోగుల్ని పదకొండింటిదాకా కూర్చోబెట్టడం ఘోరం. ప్రసంగాలుంటే మధ్యాహ్నం భోజనాలయ్యాక పెట్టుకోండి. లాడ్జి వార్తల్లో కూడా ఎన్ని కళ్ళు పరీక్షించారనే అంకెతో పాటు నెల పరీక్షకి ఎందరు వచ్చారో వెయ్యాలి. ఆ రెండో అంకె వెయ్యని సంస్థ ఏదైనా, మేసన్లదైనా మరొకరిదైనా, నేను దాని క్యాంపుని లెక్కలోకి తీసుకోను.

మీ ఊరికి క్యాంపు కావాలంటే తాళం చూసి వెనక్కి రాకండి. సమావేశం ఉన్న సాయంత్రం వెళ్ళి సెక్రటరీ పేర ఉత్తరం ఇవ్వండి. కనీసం రెండు నెలల ముందు ఇవ్వండి. అందులో హాలు పొడవు, కరెంటు ఉందా, మంచినీళ్ళు, బస్సు ఎంత దగ్గరికి వస్తుంది, రేవు దాటాలంటే ఆఖరి పంటు ఎన్నింటికి, ఆశా కార్యకర్త ఒప్పుకున్నారా, నాట్లు ఎప్పుడు మొదలవుతాయి అన్నీ రాయండి. అరవై దాటి చూపు మందగించినవాళ్ళ పేర్లు వీధివారీగా రాసి జతచేస్తే ఆ ఉత్తరం మీద ఆ రాత్రే చర్చ జరుగుతుంది.